నాలుకకు తెలియని నీళ్ళు

బెంగళూరులో, వర్తూరు రోడ్డు పక్కన మేముండే అపార్ట్‌మెంటుకు ఎండాకాలంలో రోజుకు ఆరేడు నీళ్ళ ట్యాంకర్లు వస్తాయి. ట్యాంకరు వచ్చినప్పుడల్లా సెక్యూరిటీ అతను, నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాల లెక్క (టీడీఎస్) చూపించే కలమంత మీటరును బకెట్టులో ముంచి, వచ్చిన అంకెను పుస్తకంలో రాసుకుని, దాని ఫోటో వాట్సాప్ గ్రూపులో పెడతాడు. అంకె 800 లోపు ఉంటే సంపు మూత తెరుస్తారు, దాటితే ట్యాంకరును తిప్పి పంపిస్తారు. మొన్నమొన్నటి వరకు మేము స్వయంగా చేసే నీళ్ళ పరీక్ష అదొక్కటే. అద్దెకు ఇల్లు చూసుకోవడానికి వచ్చే తెలుగువాళ్ళు సైతం లిఫ్టు ఎక్కకముందే "టీడీఎస్ ఎంతండీ?" అని అడుగుతారు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని గాని, వాటిని ఎవరు, ఎప్పుడు పరీక్షించారని గాని అడిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఆ అంకె అబద్ధమని నేను అనను. అది చెప్పేదంతా మన నాలుక ముందే చెప్పగల సంగతి అనీ, నీళ్ళలో ఉండి మనిషికి హాని చేసేవాటిలో ముఖ్యమైనవి నాలుకకూ ఆ మీటరుకూ కూడా అందవనీ, ఒక్క అంకె చేతికి దొరికిందన్న ధీమాతో మనం కొలవవలసినవాటిని కొలవడం మానేశామనీ నా వాదన. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఆ తరువాత సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో స్థిరపడిన నాకు అపార్ట్‌మెంటు కమిటీలో నీళ్ళ బాధ్యత అప్పగించిన ఏడాది కాలంలో నేర్చుకున్నదీ, కొంత ఆలస్యంగా కళ్ళు తెరిచి చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మీటరు ఏం చేస్తుందో చూద్దాం. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం బరువు. ప్రయోగశాలలో దాన్ని కొలవాలంటే వడగట్టిన నీటిని ఆవిరి చేసి, మిగిలినదాన్ని 180 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూకం వేయాలి. చేతి మీటరు దేన్నీ తూచదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య నీటి గుండా విద్యుత్తు ఎంత సులువుగా పోతుందో చూసి, ఆ వాహకతను ఒక గుణకంతో హెచ్చవేసి, వచ్చినదాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. ఆ గుణకం అన్ని మీటర్లలోనూ ఒకటి కాదు. కొన్నింటిలో 0.5, కొన్నింటిలో 0.7 ఉంటుంది. ఒకసారి మా పై అంతస్తులోని అనంతపురం వారికీ మా ఎదురింటి వారికీ దీని మీదే పెద్ద వాగ్వాదం జరిగింది. ఇద్దరూ ఒకే కుళాయి నీళ్ళు కొలిచారు, ఇద్దరికీ వచ్చిన అంకెల మధ్య దాదాపు 300 తేడా ఉంది, ఎవరికి వారు ఎదుటివారి మీటరు చెడిపోయిందన్నారు. మీటర్లను సరిచూడడానికి వాడే ప్రామాణిక ద్రావణం వాహకత 25 డిగ్రీల వద్ద 1413 మైక్రోసీమెన్లు. ఆ సీసా ఒకటి కొని తెచ్చి రెండు మీటర్లనూ అందులో ముంచాను. ఒకటి 700 పైచిలుకు చూపించింది, ఇంకొకటి 990 దగ్గర ఆగింది. రెండూ బాగానే ఉన్నాయి, గుణకాలే వేరు. ఆ లెక్కన మా 800 హద్దు దాటిందో లేదో తేల్చేది ట్యాంకరులోని నీళ్ళు కావు, సెక్యూరిటీ గదిలో ఆ రోజు ఏ మీటరు ఉందన్నదే.

ఇంతకంటే పెద్ద లోపం, విద్యుత్తును మోయనిది ఏదైనా ఆ మీటరుకు కనబడదు. చెంబుడు నీళ్ళలో గుప్పెడు పంచదార కలిపినా అంకెలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. పురుగుమందు అవశేషాలు గాని, మురుగులోంచి వచ్చిన బాక్టీరియాలు గాని దానికి లేనట్టే లెక్క. విద్యుత్తును మోసేవాటిలోనూ ఏది ఎంత ఉందో అది విడదీసి చెప్పలేదు. ఉప్పూ సున్నమూ నైట్రేటూ ఫ్లోరైడూ అన్నీ దాని ముందు ఒకే మూట.

తెలుగులో తాగేనీటికి మనం పెట్టుకున్న పేరు మంచినీళ్ళు. ఆ "మంచి" నాలుక ఇచ్చిన తీర్పు. మా ఊరు కనిగిరి దగ్గర ఒక పల్లె. మా నాయనమ్మ నీళ్ళను మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు, చప్పనీళ్ళు అని మూడుగా విడదీసేది. కందిపప్పు త్వరగా ఉడికితే, సబ్బుకు నురగ బాగా వస్తే, గొంతులో చురుక్కుమనకుండా దిగితే అవి మంచినీళ్ళు. ఆమె తీర్పు ఎప్పుడూ తప్పేది కాదు. టీడీఎస్, కాఠిన్యం అని నేను తరువాత చదువుకున్న రెండింటినీ ఆమె పప్పుకుండతోనూ సబ్బుబిళ్ళతోనూ కొలిచేది. ఊరి తూర్పున సత్రం ముందున్న బోరింగు నీళ్ళు ఆ కొలతలన్నింటికీ నిలిచాయి. పక్క వీధులవాళ్ళు కూడా బిందెలు తీసుకుని అక్కడికే వచ్చేవారు. ఆ నీళ్ళే తాగి పెరిగిన మా చిన్నాన్న పిల్లల పళ్ళ మీద తోమినా పోని పసుపుపచ్చ చారలు ఉన్నాయి. మా తాతయ్య చివరి పదేళ్ళూ మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషంతా అటు తిరిగి చూసేవాడు. వయసు మీద పడిందన్నారు, వాతం అన్నారు. ఎంతో ముందే, 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లోనే, ఎముకలు బిగుసుకుపోయే ఈ జబ్బుకు తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని వైద్యులు రాసి పెట్టారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట గుర్తించింది అక్కడే. ఆ సంగతి మా ఇంటికి చేరేసరికి తాతయ్య లేడు.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. 500 టీడీఎస్ ఉన్న నీళ్ళలో నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడు చేరినా మీటరు మీద వచ్చే మార్పు ఉదయానికీ మధ్యాహ్నానికీ మామూలుగా వచ్చే తేడా కంటే తక్కువ. రుచి చూస్తే అసలే తెలియదు. నన్ను ఎక్కువగా కలచివేసిన విషయం మరొకటి ఉంది. కాల్షియం, ఫ్లోరైడు కలిస్తే ఏర్పడే లవణం నీటిలో కొద్దిగానే కరుగుతుంది. అందువల్ల సున్నం ఎక్కువగా ఉన్న కఠినజలంలో ఫ్లోరైడు అంతగా నిలవలేదు. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేటు ఎక్కువైన నీళ్ళలో, అంటే సబ్బుకు నురగ వచ్చే నీళ్ళలో, పప్పు మెత్తగా ఉడికే నీళ్ళలో, అది స్వేచ్ఛగా పెరుగుతుంది. నాయనమ్మ మెచ్చిన లక్షణాలే ఆ విషానికి చోటిచ్చాయి. ఆమె పొరపాటు ఇందులో ఏమీ లేదు. ఆమె చేతిలో ఉన్న కొలత ఆ ప్రశ్నకు సంబంధించినది కాదు, అంతే.

బెంగళూరు కింద ఉన్న రాయి కూడా నీళ్ళలోకి ఫ్లోరైడును వదిలే కోవకు చెందినదే. లాల్‌బాగ్ గుట్ట మీద కూర్చున్నప్పుడు మన కింద ఉండేది 1916లో స్మీత్ అనే భూవిజ్ఞాని ద్వీపకల్ప నైస్ అని పేరు పెట్టిన శిల, దాదాపు మూడు వందల కోట్ల సంవత్సరాల నాటిది. ఇటువంటి రాతిలో నీరు పగుళ్ళలోనే ఉంటుంది. ఎంత లోతుకు పోతే అంత కాలం రాతితో నాని ఉన్న నీరు పైకి వస్తుంది. కోలారులోనూ, ఇంటింటా తెలుగు వినిపించే బాగేపల్లిలోనూ ఫ్లోరైడు పాత బాధే. మా వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటి చాలాకాలమైంది. మాకు వచ్చే ట్యాంకరు ఏ పగులులోని నీటిని మోసుకొస్తోందో మీటరు అంకె ఎప్పటికీ చెప్పదు.

రుచిని నమ్మి మోసపోవడం మన ఊళ్ళకే పరిమితం కాదు. 1854లో లండనులో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ కలరా చెలరేగినప్పుడు, ఆ వీధికి మైళ్ళ దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక వితంతువు కూడా అదే జబ్బుతో చనిపోయింది. ఆమెకు ఆ పంపు నీళ్ళ రుచి ఇష్టం. రోజూ ఒక సీసాడు తెప్పించుకుని తాగేది. జబ్బుకు నీళ్ళే కారణమన్న వైద్యుడు జాన్ స్నో వాదనకు ఆమె మరణం బలమైన ఆధారాల్లో ఒకటయింది. ఆమె ఇంటి దగ్గరి నీళ్ళు తాగి ఉంటే బతికేది.

మా అపార్ట్‌మెంటు సంగతికి వస్తాను. కమిటీలో చేరాక నేను మొదట చూసింది పాత కాగితాలు. వాటిలో ఒక ప్రైవేటు ప్రయోగశాల ఇచ్చిన నివేదిక ఉంది. ట్యాంకరు నీళ్ళకు వాహకత 1320, టీడీఎస్ 780, కాఠిన్యం 420, నైట్రేటు 22. నైట్రేటు హద్దు 45 కాబట్టి పక్కన "సరిపోతుంది" అన్న గుర్తు ఉంది. అందరూ చూసి తృప్తిపడిన కాగితం అది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద దాన్ని పెట్టుకుని, కాలేజీలో నేర్చుకున్న ఒక పాత లెక్క చేశాను. ఈ లెక్కను ప్రతి అపార్ట్‌మెంటు కమిటీలోనూ ఒకరైనా నేర్చుకోవాలని నా కోరిక, అందుకే వివరంగా చెబుతున్నాను.

నీటికి మొత్తం మీద విద్యుదావేశం ఉండదు. అందులో కరిగిన ధన అయాన్ల (ధనావేశమున్న కణాల) లెక్కా రుణ అయాన్ల (రుణావేశమున్న కణాల) లెక్కా సమానం కావాలి. నివేదికలో మిల్లీగ్రాములలో ఇచ్చిన ప్రతి అంకెనూ దాని తుల్యభారంతో, అంటే ఒక్క ఆవేశం వంతుకు వచ్చే బరువుతో, భాగిస్తే ఆవేశం లెక్క వస్తుంది. కాల్షియానికి 20, మెగ్నీషియానికి 12, సోడియానికి 23, పొటాషియానికి 39. రుణ అయాన్ల వైపు క్లోరైడుకు 35.5, సల్ఫేటుకు 48, నైట్రేటుకు 62. క్షారతను (ముఖ్యంగా బైకార్బొనేటు వల్ల వచ్చే, ఆమ్లాన్ని విరిచే గుణాన్ని) కాల్షియం కార్బొనేటుగా ఇస్తే 50. మా కాగితంలో కాల్షియం 104, మెగ్నీషియం 39, సోడియం 110, పొటాషియం 4 ఉన్నాయి. భాగించి కూడితే 13.3 వచ్చింది. అటువైపు క్షారత 290, క్లోరైడు 156, సల్ఫేటు 48, నైట్రేటు 22. వాటి మొత్తం 11.5 దగ్గర ఆగిపోయింది. రెండింటి తేడాను రెండింటి మొత్తంతో పోలిస్తే ఏడు శాతం. మంచి నివేదికలో ఇది అయిదు శాతం దాటకూడదు. రుణ అయాన్ల వైపు ఏదో తక్కువ పడింది. మూడుసార్లు మళ్ళీ కూడి చూశాను, అంకెలు మారలేదు. నైట్రేటు ముందు నిలబడిపోయాను. నైట్రేటును రెండు రకాలుగా రాసే అలవాటు ఉంది: మొత్తం నైట్రేటు బరువుగా గాని, అందులో ఉన్న నైట్రోజను బరువుగా మాత్రమే గాని. రెండో పద్ధతిలో రాసిన అంకెను నైట్రేటుగా మార్చాలంటే 4.43తో హెచ్చవేయాలి. 22ను అలా మార్చితే 97 అవుతుంది. 97ను 62తో భాగించి, మళ్ళీ కూడితే రుణ అయాన్ల మొత్తం 12.8కి చేరింది, తేడా రెండు శాతానికి దిగింది.

మరునాడు ప్రయోగశాలకు ఫోను చేశాను. అవతలి వ్యక్తి రిజిస్టరు చూసి, తమ పరికరం నైట్రోజనుగానే చూపిస్తుందనీ, టైపు చేసేటప్పుడు ఆ మాట రాయడం మరిచారనీ ఒప్పుకున్నాడు. ఒక్క మాట లోపించడంతో, 45 లోపు ఉండవలసిన చోట 97 ఉన్న నీళ్ళకు ఏడాదిపాటు "సరిపోతుంది" అన్న గుర్తు పడింది. ఆ ఏడాదిలో మా భవనంలో నలుగురు పసిపిల్లలు పుట్టారు.

పసిపిల్లల మాట ఊరికే అనలేదు. ఆరు నెలల లోపు బిడ్డ ఒంట్లో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. బిడ్డ పెదవులు, గోళ్ళు నీలిరంగుకు తిరుగుతాయి. అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు 1945లో, పల్లెల్లోని బావినీళ్ళతో పాలు కలిపి పట్టిన బిడ్డల్లో దీన్ని గుర్తించి లోకానికి చెప్పాడు. మన ఇళ్ళలో డబ్బా పాలు కలపడానికి జాగ్రత్తగా నీళ్ళు కాచి చల్లార్చుతాం. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నైట్రేటు మాత్రం పోదు; నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. అమ్మమ్మలు ఎంతో శ్రద్ధతో మరిగించి మరిగించి పట్టిన నీళ్ళే ఎక్కువ నైట్రేటు ఉన్న నీళ్ళు అవుతాయి. నైట్రేటు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, బెంగళూరులో దానికి జవాబు చాలామటుకు మురుగే. కాలువలు లేని చోట్ల తవ్విన మరుగుదొడ్ల గుంతలు, పగిలిన డ్రైనేజీ గొట్టాలు, మురుగు చేరిన చెరువులు, వీటన్నింటి నుంచి ఊటగా దిగిన నీరు రాతి పగుళ్ళను పట్టుకుని బోర్లకు చేరుతుంది. మా పక్కనే ఉన్న బెళ్ళందూరు చెరువు నురగ రోడ్డు మీదికి పొంగడం, 2015లోనూ 2017లోనూ 2018లోనూ చెరువు మీద మంటలు లేవడం దేశమంతా చూసింది. కింద ఇంకుతున్నది మాత్రం ఎవరికీ కనబడలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో రెండు అపోహల గురించి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. మా సాఫ్ట్‌నరు ప్లాంటు పని చేయడం లేదని ఏటా ఫిర్యాదు వస్తుంది. సాక్ష్యం ఏమిటంటే ప్లాంటు ముందూ తరువాతా టీడీఎస్ ఒకటే. సాఫ్ట్‌నరు కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం ఇస్తుంది. కాఠిన్యం పోతుంది గాని కరిగిన పదార్థం బరువు తగ్గదు, పైగా కొంచెం పెరుగుతుంది కూడా. రెండోది ఫిల్టర్లు అమ్మడానికి ఇంటికి వచ్చేవారు చేసి చూపించే ప్రదర్శన. రెండు గ్లాసుల్లో కడ్డీలు ముంచి కరెంటు ఇస్తారు. కుళాయి నీళ్ళు మడ్డిగా, ఎర్రగా మారతాయి, ఫిల్టరు నీళ్ళు తేటగా ఉంటాయి. ఆ మడ్డి నీళ్ళలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చిన తుప్పు. లవణాలున్న నీళ్ళలో విద్యుత్తు పారుతుంది కనుక ఇనుము కరుగుతుంది, లవణాలు లేనిచోట పారదు కనుక కరగదు. దీన్ని చూసి భయపడి పాతికవేలు పెట్టి యంత్రం కొన్న పెద్దావిడ ఒకరు మా అంతస్తులోనే ఉన్నారు. ఆవిడ భయాన్ని సొమ్ము చేసుకున్న తీరు నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

నైట్రేటు తేలిన తరువాత సూక్ష్మజీవుల సంగతి చూడాలనుకున్నాం. ప్రమాణం ఇక్కడ చాలా కఠినంగా ఉంటుంది: ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ ఈ-కోలై కనబడకూడదు. ఈ-కోలైలో చాలా రకాలు తమంతట తాము పెద్ద హాని చేయవు. అవి మనుషుల, పశువుల పేగుల్లో ఉండేవి కనుక, నీళ్ళలో కనబడితే మలం కలిసిందని అర్థం. మలం కలిస్తే టైఫాయిడు, కలరా, కామెర్లు తెచ్చేవి ఏవైనా వెంట రావచ్చు. ప్రయోగశాలకు పంపే ముందు మేమే ఒక చవక పరీక్ష చేశాం. గ్వాలియరులోని రక్షణశాఖ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1982లో ప్రచురించిన పద్ధతి అది. మందు పట్టించిన కాగితం ముక్క ఉన్న చిన్న సీసాలో గీత దాకా నీళ్ళు పోసి, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. నీళ్ళు నల్లబడితే అనుమానించాలి. ట్యాంకరు మూతి దగ్గర ఒకటి, సంపులో ఒకటి, నాలుగో అంతస్తు వంటింటి కుళాయి దగ్గర ఒకటి, మొత్తం మూడు సీసాలు పట్టాం. ట్యాంకరు సీసా తేటగానే ఉంది. సంపు సీసా, వంటింటి సీసా మరునాటి సాయంత్రానికి కాటుకలా మారాయి.

ట్యాంకరువాళ్ళ మీద అంతవరకు ఎంతో మాట్లాడిన మేము ఆ సాయంత్రం సంపు చుట్టూ మౌనంగా నిలబడ్డాం. లోపం మా గోడల మధ్యే ఉంది. సంపును ఆనుకుని వెళ్ళే మురుగు గొట్టం అతుకు దగ్గర కారుతోందనీ, సంపు గోడలో ఆ వైపే నెర్రె ఉందనీ తవ్వి చూస్తే తేలింది. లోతైన బోరు నీళ్ళు మలం కలవకపోయినా ఒక్కోసారి ఈ పరీక్షలో నల్లబడతాయి కాబట్టి ఖాయం చేసుకోవడానికి ప్రయోగశాలకు కూడా పంపాం. ఇక్కడ సీసా ముఖ్యం. ఖాళీ కూల్‌డ్రింకు సీసా కడిగి పట్టిన నమూనాకు విలువ లేదు. శుద్ధి చేసిన సీసా కావాలి, క్లోరిన్ కలిపిన నీళ్ళయితే ఆ క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేటు అందులో ముందే ఉండాలి, లేకపోతే దారిలోనే బాక్టీరియా చచ్చి నీళ్ళు శుభ్రమని నివేదిక వస్తుంది. కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలి పట్టాలి. ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ప్రయోగశాలకు చేర్చాలి. నేను చూసిన నివేదికల్లో ఎక్కువ వాటి అడుగున "నమూనా తెచ్చి ఇచ్చినవారిది" అన్న ఒక చిన్న వాక్యం ఉంటుంది. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ సీసాలో పట్టారో తమకు తెలియదని ప్రయోగశాల చెబుతున్న మాట అది. ఆ వాక్యాన్ని దాటి అంకెలకు వెళ్ళే హక్కు మనకు లేదనిపిస్తుంది.

గొట్టం బాగు చేయించి, సంపు కడిగించి, క్లోరిన్ వేయడం మొదలుపెట్టాం. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. చుక్కల మందు వేస్తే రంగు మారే చిన్న పెట్టె దీనికి చాలు, ఖర్చు కొద్ది వందలే. తెరిచి పెట్టిన బ్లీచింగు పౌడరు సంచి బలం వారాల్లోనే తగ్గుతుంది కనుక, ఎంత వేశామన్నది కాకుండా కుళాయి దగ్గర ఎంత మిగిలిందన్నదే చూడాలి.

ఇదంతా చెప్పినప్పుడు సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి, "అందరి ఇళ్ళలోనూ ఆర్‌వో ఉంది కదండీ, ఇంత హడావుడి ఎందుకు?" అన్నారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే, జవాబు కూడా అంతే సూటిగా ఇవ్వాలి. మంచి స్థితిలో ఉన్న ఆర్‌వో పొర నైట్రేటును చాలావరకు తీస్తుంది. కాని నీళ్ళు మరీ చప్పగా ఉన్నాయని రుచి కోసం చాలా యంత్రాల్లో ఒక మర తిప్పి, పొర గుండా పోని నీళ్ళను కొంత కలుపుతారు. ఆ కలిపిన వాటాలో నైట్రేటు తీసేది ఏదీ ఉండదు. ఇళ్ళలో వాడే యంత్రం ఒక లీటరు ఇవ్వడానికి దాదాపు మూడు లీటర్లు పారబోస్తుంది, డబ్బు పెట్టి ట్యాంకరు కొనే ఊళ్ళో. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో ఆదేశించింది, అయినా కావేరి నీళ్ళు వచ్చే ఇళ్ళలో సైతం ఆ యంత్రాలు ఆగలేదు. వీటన్నింటికంటే నాకు పెద్దగా తోచింది వేరు. మన ఇళ్ళలో ఆర్‌వో ఉంది. గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ళకు, అంట్లు తోమే అమ్మలకు, మెట్ల కింద ఇస్త్రీ చేసే కుటుంబానికి లేదు. వాళ్ళు సెల్లారులోని కుళాయికి నేరుగా సీసా పడతారు. సంపు నీళ్ళు మలంతో కలిసిన నెలల్లో ఇస్త్రీ అతని కూతురికి టైఫాయిడు వచ్చింది. సంపు వల్లే వచ్చిందని నిరూపించే ఆధారం నా దగ్గర లేదు. కాని ఆ నీళ్ళు మేము కొని, మేము నిలవ చేసి, మేము పరీక్షించకుండా వదిలినవి.

ట్యాంకర్ల విషయంలో నగరం చేయవలసింది కూడా ఉంది. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ధరలు చుక్కలంటినప్పుడు జిల్లా యంత్రాంగం ధరలు ఖరారు చేసింది: అయిదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000. లీటర్లకూ కిలోమీటర్లకూ లెక్క ఉంది. లోపలి నీళ్ళు ఎటువంటివన్న దానికి ఆ పట్టికలో గడి లేదు. పాల ప్యాకెట్టు మీద తేదీ ఉంటుంది, బిస్కెట్ల మీద దినుసులు ఉంటాయి, ఒక వీధి మొత్తం తాగే 12,000 లీటర్ల మీద ఏ బోరుదో కూడా రాసి ఉండదు. ప్రతి ట్యాంకరూ తన బోరు ఉన్న చోటు, చివరిసారి నైట్రేటు, ఫ్లోరైడు, ఈ-కోలై పరీక్షించిన తేదీ, వచ్చిన ఫలితం ఉన్న కాగితాన్ని వెంట పెట్టుకోవాలని నిబంధన పెట్టడం అసాధ్యమైన పని కాదు. కావేరి నీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలై, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు తేవాలని తలపెట్టింది. అది మా వీధి వరకు పూర్తిగా వచ్చిననాడు కూడా, వంద కిలోమీటర్ల అవతల శుద్ధి అయి వచ్చిన ఆ నీళ్ళు చివరికి చేరేది మా సంపులోకే.

నైట్రేటు సంగతి తేలాక మేము ట్యాంకరు మార్చవలసి వచ్చింది. నాలుగు బోర్ల నీళ్ళు పరీక్షించాం. అన్నింటిలోకీ మెరుగైనదానికి నైట్రేటు 19, ఈసారి నైట్రేటుగానే అని రాయించుకున్నాం, ఫ్లోరైడు 0.7, ఈ-కోలై లేదు. టీడీఎస్ మాత్రం 960. మా పాత హద్దు ప్రకారం గేటు దగ్గరే తిప్పి పంపవలసిన నీళ్ళు. సమావేశంలో రెండు గంటలు వాదన జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం దృష్ట్యా టీడీఎస్‌కు హద్దేదీ పెట్టలేదనీ, 1,000 దాటితే రుచి బాగుండదని మాత్రమే అంటుందనీ, మన ప్రమాణం 500 మేలని చెబుతూనే వేరే దారి లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటుందనీ చెప్పాను. టీ బాగుండదన్నారు, అది నిజం. గీజర్ల కాయిల్సుకు పొర కడుతుందన్నారు, అదీ నిజమే. పసిబిడ్డ ఉన్న ఒక తల్లి లేచి పాత నివేదికలోని 97ను గట్టిగా చదివింది. తొమ్మిది ఓట్ల తేడాతో 960 గెలిచింది.

టీడీఎస్ మీటరును మేము పారేయలేదు. రోజూ 950, 970 చూపిస్తున్నది ఒకనాడు 600కో 1,300కో మారితే ట్యాంకరువాడు బోరు మార్చాడని అర్థం. ఆ రోజు నమూనా పట్టాలి. ఆ పనికి అది చాలా మంచి పరికరం. సెక్యూరిటీ గదిలోని పుస్తకంలో ఇప్పుడు నైట్రేటు, కుళాయి దగ్గరి క్లోరిన్, నమూనా పట్టిన చోటు, పట్టిన గంట, పట్టినవారి సంతకం అన్న గడులు ఉన్నాయి.

కొత్త ట్యాంకరు డ్రైవరు మదనపల్లె మనిషి. పోయిన వారం సంపు నిండుతుండగా నా దగ్గరికి వచ్చి, "సార్, ఆ రిపోర్టు జిరాక్సు ఒకటి ఇయ్యండి, పక్క అపార్ట్‌మెంటోళ్ళు కూడా అడగతా ఉండారు" అన్నాడు. తీసి చూస్తే ఆ కాగితానికి అప్పటికే నలభై రోజులు నిండాయి, మధ్యలో రెండు పెద్ద వానలు కూడా పడ్డాయి. గురువారం కొత్త నమూనా పడతామనీ, ఆ ఫలితం వచ్చాక దాని జిరాక్సే ఇస్తాననీ చెప్పాను. సరేనని, గురువారం ఎన్ని గంటలకు రమ్మంటారో అడిగి వెళ్ళాడు.